చర్చి కానుకల్లో ఊరి సేవాసంస్థలకు నికరమైన వాటా ఉండాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని చర్చీలలో రాబోయే ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్ రాసుకునే సమయం దగ్గరపడుతున్నది. పాస్టరేట్ కమిటీలు (గుడి వ్యవహారాలు చూసే స్థానిక కమిటీలు) కూర్చుని సంఘ కాపరి (పాస్టరు) జీతం, బిషప్పు పాలనలోని ప్రాంతీయ వ్యవస్థ అయిన డయాసిస్‌కు పంపవలసిన వాటా, గుడి మరమ్మతులు, కరెంటు బిల్లు, క్రిస్మస్, ఈస్టర్ ఖర్చులు అన్నీ వరుసగా రాసుకున్న తర్వాత, అట్టడుగున 'ధర్మకార్యాలు' అని ఒక పద్దు పెట్టి, అప్పటికి ఏమైనా మిగిలితే అందులో ఒక అంకె వేస్తారు. ఆ పద్దును అడుగు నుంచి పైకి తేవాలనీ, స్థానికంగా వచ్చే కానుకల్లో ఇంత భాగం అని ముందే తీర్మానించి, ఆ సొమ్మును ఊళ్లో ఏడాది పొడుగునా పనిచేస్తున్న చిన్న సేవాసంస్థలకు, నడిపేవారి మతం చూడకుండా, బహిరంగంగా దరఖాస్తులు పిలిచి గ్రాంట్లుగా ఇవ్వాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘ సభ్యుణ్ణి. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించిన తర్వాత కొంతకాలం సంఘం లెక్కలు చూశాను. నేను చెప్పబోయేది సీఎస్ఐకే కాక లూథరన్, బాప్టిస్టు, కథోలిక సంఘాలకూ, ఆదివారం కానుక సంచి తిరిగే ప్రతి గుడికీ వర్తిస్తుందని నా నమ్మకం.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పవలసి వస్తున్నదో ముందు వివరిస్తాను. చాలాకాలం మన చర్చీల సేవాకార్యక్రమాల వెనుక ఉన్న డబ్బులో పెద్ద భాగం బయటి దేశాల నుంచి వచ్చింది. అక్కడి మిషన్ బోర్డో, సహాయ సంస్థో డయాసిస్‌కు పంపేది. డయాసిస్ సేవా విభాగం అందులో కొంత, మండలాల్లో పనిచేసే చిన్న సంస్థలకు అందించేది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో కొత్తగా వచ్చినప్పుడు కూడా, రిజిస్ట్రేషన్ ఉన్న ఒక సంస్థ తనకు వచ్చిన విరాళంలో కొంత మరో రిజిస్టర్డ్ సంస్థకు బదలాయించడానికి ఏడో సెక్షన్ వీలు కల్పించింది. 2020 సెప్టెంబరులో చేసిన సవరణ ఆ వీలును పూర్తిగా తీసివేసింది. విదేశీ విరాళం ఎవరి పేరున వచ్చిందో వారే ఖర్చు చేయాలి తప్ప, రిజిస్ట్రేషన్ ఉన్నవారికైనా సరే, మరొకరికి ఇవ్వకూడదు. అదే సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. విరాళం ఏదైనా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలన్నది. ఈ సవరణను సవాలు చేసిన నోయెల్ హార్పర్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ మార్పులు చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద నాకున్న అభిప్రాయాలు ఈ లేఖకు అవసరం లేదు. పై నుంచి కిందికి డబ్బు దిగివచ్చే ఆ కాలువకు అడ్డుకట్ట పడింది, సమీప భవిష్యత్తులో అది తెగే సూచన లేదు. ఇది మనం ఒప్పుకొని లెక్క వేసుకోవలసిన వాస్తవం.

దీని దెబ్బ పెద్ద సంస్థల కంటే చిన్నవాటికే గట్టిగా తగిలింది. డయాసిస్‌కు సొంత ఆస్పత్రులు, బడులు, హాస్టళ్లు ఉంటాయి కనుక వచ్చిన విరాళాన్ని వాటికి వాడుకోగలదు. మూలమీది ఊళ్లో వృద్ధుల కోసం మధ్యాహ్న భోజనం వండిపెట్టే నలుగురు స్త్రీల సంఘానికి ఢిల్లీలో ఖాతా లేదు, ఉండబోదు. అయితే ఇక్కడే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. చాలా సంఘాల్లో చట్టం పేరు చెబితేనే భయపడి, అసలు ఎవరికీ ఏమీ ఇవ్వకూడదేమోనని ఊరుకుంటున్నారు. మన దేశ పౌరులు రూపాయల్లో వేసిన కానుకకు ఈ చట్టంతో సంబంధమే లేదు. విదేశాల్లో ఉద్యోగం చేస్తూ భారతీయ పాస్‌పోర్టే ఉంచుకున్న మన పిల్లలు తమ సొంత సంపాదనలో నుంచి బ్యాంకు ద్వారా పంపేది కూడా విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం, పుట్టింది తెనాలిలోనైనా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. ఈ తేడాను కోశాధికారులు తెలుసుకుని రెండు రకాల సొమ్మునూ ఎప్పుడూ కలపకుండా ఉంచితే, స్థానిక కానుకలను ఊరి కోసం ఖర్చు పెట్టడానికి విదేశీ విరాళాల చట్టం అడ్డురాదు.

స్థానిక కానుకలతో ఏమవుతుందని పెదవి విరిచేవారికి మన చరిత్రే సమాధానం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్‌కు వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు, తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న ఆ మహనీయుడు, తన సంఘంలో అత్యధికులు కూలినాలి చేసుకునే మాల మాదిగలని తెలిసి కూడా, ఇవ్వలేనంత పేదవారు ఎవరూ లేరని నమ్మి ఆ విధంగానే బోధించారు. ఇంటి ఇల్లాలు అన్నం వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నిండిన తర్వాత గుడికి తెచ్చి పోయడం ఆ ప్రాంతపు సంఘాల్లో వాడుక. ఇప్పటికీ పిడికెడు బియ్యం పట్టుకొచ్చే స్త్రీలున్న సంఘాలు ఉన్నాయి. ఏ విదేశీ సాయమూ ఎరగని ఆ పిడికెడు బియ్యం కాపరుల కుటుంబాలను పోషించింది, గుళ్లు కట్టింది. ఇవాళ అవే కుటుంబాల్లో ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వే ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఉన్నారు. సంఘం ఇవ్వగలిగే స్థితి అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగిందనడానికి లెక్కల పుస్తకం అక్కర్లేదు.

పంట పండుగ నాడు మా గుడి ఆవరణ చూస్తే ఎవరికైనా ఇది అర్థమవుతుంది. అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, పసుపు కొమ్ములు, పందెపు కోడంత నిగనిగలాడే నాటుకోడి, ఎవరో పాలేరు భార్య ఒడిలో పెట్టుకుని తెచ్చిన నాలుగు గుడ్లు, అన్నీ బల్లమీద పేరుస్తారు. ఆరాధన ముగియగానే వేలం మొదలవుతుంది. బజారులో అయిదు రూపాయలకు దొరికే నిమ్మకాయను ఒక పెద్దమనిషి అయిదు వందలకు పాడతాడు. మళ్లీ వేలం వేయమని తిరిగి బల్లమీదే పెడతాడు. ఇంకొకాయన దాన్ని మరో మూడు వందలకు పాడతాడు. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టమది. అయితే ఆ సాయంత్రం వసూలైన మొత్తం ఎటు పోతుందని అడిగితే, ఎక్కువ సంఘాల్లో వచ్చే జవాబు 'జనరల్ ఫండ్' అన్నదే. నా విన్నపం ఇక్కడే మొదలవుతుంది. పంట పండుగ వేలంలో వచ్చిన సొమ్ములో సగమైనా ఊరి సేవాసంస్థలకు కేటాయించామని వేలానికి ముందే ప్రకటిస్తే పాట మరింత పైకి పోతుందే తప్ప తగ్గదు. ఇది పంట చేతికొచ్చిన కృతజ్ఞత. మూడేళ్లకొకసారి పంటలో దశమభాగాన్ని ఊరి గుమ్మాల్లోనే ఉంచి, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తి పొందేలా చూడమని బైబిలులోని ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చెబుతుంది. అక్కడ చెప్పింది గుడి ఉన్న యెరూషలేముకు పంపమని కాదు, మీ ఊరి గుమ్మాల్లోనే పెట్టమని.

మన చర్చీలు ఇప్పుడేమీ చేయడం లేదని నేను అనను. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతారు, తుపాను వస్తే పులిహోర పొట్లాలు కడతారు, 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారి వెంట నడిచిపోయే కూలీలకు భోజనాలు పెట్టిన సంఘాలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ కావలసినవే. కానీ పండుగనాటి పంపకం వేరు, ఏడాది పొడుగునా ఒక పనిని నిలబెట్టే గ్రాంటు వేరు.

నేను తరచూ వెళ్లే ఒక చోటు గురించి చెబుతాను, పేరు అవసరం లేదు. మానసిక ఎదుగుదల మందగించిన పిల్లల కోసం ఒక తల్లి, తన కొడుకు కోసం మొదలుపెట్టి, తర్వాత చుట్టుపక్కల వారి పిల్లలను కూడా చేర్చుకుని ఒక అద్దె ఇంట్లో పగటి కేంద్రం నడుపుతున్నది. ఆమె హిందువు, సహాయంగా ఉండే ఇద్దరు ఆయాల్లో ఒకరు ముస్లిం, ఒకరు మా సంఘస్థురాలు. ఉదయం ఆటో వచ్చి పిల్లలను దించుతుంది. చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోవడం ఒక పిల్లవాడికి నేర్పడానికి అక్కడ నెలలు పడుతుంది. గుడ్డమీద పెద్ద గుండీలు, చిన్న గుండీలు కుట్టి, వరుసగా పెట్టిస్తూ, తీయిస్తూ ఉంటారు. ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వస్తాడు, అతనికి ఇచ్చేది తక్కువే అయినా అదీ సమయానికి అందదు. ఆ ఇంటి బీరువాలో దాతలు క్రిస్మస్‌కూ, ఆగస్టు పదిహేనుకూ, పుట్టినరోజులకూ ఇచ్చిన దుప్పట్లు, స్టీలు కంచాలు, రంగు పెన్సిళ్లు పై అర దాకా పేర్చి ఉన్నాయి. ఆమెకు కావలసింది అద్దె. ఆటో కిరాయి. ఆయాల జీతం. మే నెలలో పిల్లలు రాని రోజుల్లో కూడా కట్టవలసిన అద్దె. దుప్పటి ఇచ్చేవారు పదిమంది దొరుకుతారు గాని అద్దె కట్టేవారు ఒక్కరూ దొరకరని ఆమె నాతో అన్నది. కేకు కోసి ఫొటో తీసుకోవడానికి వచ్చేవారి ముందు పిల్లలను వరుసగా కూర్చోబెట్టవలసి రావడం ఆమెకు ఎంత కష్టంగా ఉంటుందో మొహం చూస్తేనే తెలిసేది.

ఇలాంటి కేంద్రానికి చర్చి ఇచ్చే గ్రాంటు ఎలా ఉండాలన్నదే అసలు ప్రశ్న. నా అనుభవంలో నుంచి, అలాంటి సంస్థలవారితో మాట్లాడినదాన్ని బట్టి, కొన్ని మాటలు గట్టిగా చెప్పదలిచాను. అద్దె, జీతాలు, ప్రయాణ ఖర్చులు అనే మూడింటికీ గ్రాంటు ఇవ్వడానికి సంకోచించకూడదు, ఎందుకంటే చేతులకు జీతం లేనిదే సేవ జరగదు. ఒక్క ఏడాదికి ఇచ్చి ఆపడం కంటే, మొత్తం చిన్నదైనా మూడేళ్లపాటు ఇస్తామని రాసి ఇవ్వడం మేలు. పాస్టరేట్ కమిటీ పదవీకాలం కూడా సాధారణంగా మూడేళ్లే కనుక, ఒక కమిటీ ఇచ్చిన మాటను ఆ కమిటీయే నెరవేర్చుకోవచ్చు. డబ్బు ఎప్పుడు అందుతుందన్నది ఎంత అందుతుందన్న దానితో సమానం. బడులు తెరిచే జూన్ మొదటి వారంలో చేతికందిన పదివేలు, క్రిస్మస్ రద్దీలో అందిన ఇరవై వేల కంటే ఎక్కువ పని చేస్తుంది. ఇచ్చేది సంస్థ బ్యాంకు ఖాతాకే వేయాలి. వేదికమీద కవరు అందించే తతంగం, సంఘం పేరుతో బ్యానరు, పిల్లల చేతుల్లో ప్లకార్డులు ఉండకూడదు. ఏడాది చివర సంస్థ నుంచి ఒక పేజీ నివేదిక, ఖర్చు వివరం, కమిటీ సభ్యులు ఇద్దరు వెళ్లి చూసి రాసిన నాలుగు మాటలు చాలు. పదివేల రూపాయల గ్రాంటుకు పాతిక పేజీల ఫారం నింపించడం పేదవాడి సమయాన్ని దోచుకోవడమే.

మనవాళ్లలోనే ఇంతమంది పేదలుండగా బయటివారికి ఇవ్వడమేమిటని సంఘంలో కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేవారిని నేను తప్పుపట్టను. ఎస్సీ కాలనీల్లోని మా సంఘాలు ఊరి నుంచి తరతరాలుగా ఏమి పొందాయో, ఏమి పొందలేదో నాకు తెలుసు. మంచినీళ్ల బావి దగ్గర కూడా దూరంగా నిలబెట్టిన ఊరికి ఇప్పుడు మనం ఇవ్వాలా అన్న బాధ అందులో ఉంది. సంఘంలోని వితంతువులకు, జబ్బుపడినవారికి ఇచ్చే నిధి అలాగే ఉండాలి, దాన్ని తగ్గించి ఇమ్మని నేను కోరడం లేదు. కానీ ఊళ్లోని సేవాసంస్థ ఎవరికి పనిచేస్తున్నదో ఒక్కసారి చూడండి. డయాలసిస్ రోగులను ఆస్పత్రికి చేర్చే బృందం ఎక్కించుకునేవారిలో మా పేటవారే ఎక్కువ. సాయంత్రం ట్యూషన్ కేంద్రంలో కూర్చునే పిల్లలు మా ఆదివారపు బడి పిల్లలే. ఆ కేంద్రం మూతపడితే ముందు నష్టపోయేది మనవాళ్లే. సంఘానికి అయిదారు మైళ్ల లోపల జరిగే పనిని బయటి పనిగా లెక్కించడం నాకు సరి అనిపించదు.

ఇంతకంటే కఠినమైన ప్రశ్న మరొకటి ఉంది. చర్చి డబ్బు ఇస్తే వెనుక మతమార్పిడి ఉద్దేశం ఉంటుందన్న అనుమానం ఊళ్లో కొందరికి ఉంటుంది. ఆ అనుమానం అన్యాయమని నొచ్చుకుని ఊరుకుంటే సరిపోదు, అందుకు చోటివ్వని పద్ధతి మనకు ఉండాలి. ఇందుకు ఆదర్శం కూడా మన తెలుగు నేలమీదే ఉంది. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర, మిషనరీ కాకముందు సర్వే పని నేర్చిన మనిషి, బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి ఇచ్చి బతికించాడు. ఆ కరువు సాయం సాగినంతకాలం, పదిహేను నెలలపాటు, బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తెలియని వేళ ఆ రెండింటినీ కలపకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు. సాయం ఆగిన తర్వాతనే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ సంఖ్యను గుర్తుంచుకుని చెప్పుకునే సంఘాలు, అంతకు ముందు గడిచిన ఆ పదిహేను నెలలను కూడా అంతే గుర్తుంచుకోవాలని నా కోరిక. సాయం అందుతున్నంతకాలం బాప్తిస్మం ఇవ్వకూడదన్న నియమాన్ని పెట్టుకున్నది ఒక మిషనరీయే.

కనుక గ్రాంటు ఉత్తర్వులోనే ఒక షరతు రాతపూర్వకంగా ఉండాలి. ఈ సొమ్ముతో సేవ పొందేవారిని మతం అడగకూడదు, ప్రార్థనకు రమ్మనకూడదు, కరపత్రాలు పంచకూడదు. ఈ షరతు క్రైస్తవ సంస్థకు కూడా వర్తించాలి. సువార్త పనికి వేరే నిధి ఉంది, దానికి విశ్వాసులు తెలిసి ఇస్తారు. రెండింటికీ మధ్య గోడ ఎంత స్పష్టంగా ఉంటే ఊరు మనల్ని అంత నమ్ముతుంది.

ఇక సంఘం లోపలి సంగతి. గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టిన చోట వాటిని ఎవరికిచ్చారన్న దానిమీద తగాదాలు వస్తాయని భయపడేవారున్నారు. వారి భయానికి కారణం ఉంది. ఒక సంఘంలో ధర్మకార్యాల పద్దు కింద ఇచ్చిన మొత్తం వరుసగా ఏళ్లతరబడి కమిటీ సభ్యుడి బావమరిది నడిపే ట్రస్టుకే పోయిందనీ, ఆ ట్రస్టు పేరున్న బోర్డు తప్ప అది చేసిన పనేదీ తాము చూడలేదనీ అక్కడివారే నాతో చెప్పుకుని బాధపడ్డారు. బైబిలులో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో మొదటి సంఘానికి వచ్చిన తగాదా కూడా సరిగ్గా ఇదే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ పంపకంలో, అన్యాయం జరుగుతున్నదని సణుగు పుట్టింది. యేసు శిష్యులైన అపొస్తలులు పంపకం ఆపేయలేదు, సణిగినవారిని మందలించలేదు. మంచిపేరున్న ఏడుగురిని సంఘంచేతనే ఎన్నిక చేయించి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లన్నీ గ్రీకు పేర్లే కావడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. అన్యాయం జరిగిందన్నవారి చేతికే పంపకం ఇచ్చినట్టు కనిపిస్తుంది. మన సంఘాల్లో గ్రాంట్ల ఉపసంఘానికి కూడా పాస్టరేట్ కమిటీలో లేనివారిని, సగానికి తగ్గకుండా స్త్రీలను, వీలైతే సంఘం బయటి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణో, ప్రభుత్వ వైద్యురాలినో తీసుకోవాలి. దరఖాస్తు చేసిన సంస్థతో బంధుత్వం గాని లావాదేవీలు గాని ఉన్న సభ్యులు ఆ చర్చలో కూర్చోకూడదు. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరి దరఖాస్తు ఏ కారణం వల్ల తోసివేశారో రాసి, గుడి నోటీసు బోర్డులో పెట్టాలి. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యాన్ని లెక్కలు దాచుకోవడానికి అడ్డు పెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. అది ఇచ్చే మనిషి గొప్పలకు పోకూడదని చెప్పిన మాట. పదిమంది సొమ్ము పంచే ధర్మకర్త తప్పనిసరిగా అందరికీ లెక్క చెప్పాలి.

పన్ను నిబంధనలు కూడా కోశాధికారి తెలుసుకోవాలి. ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న ఒక ట్రస్టు మరో రిజిస్టర్డ్ ట్రస్టుకు విరాళం ఇస్తే, 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత అందులో 85 శాతాన్ని మాత్రమే ధర్మకార్యాలకు ఖర్చు చేసినట్టు లెక్కలోకి తీసుకుంటున్నారు. అందుచేత లక్ష రూపాయలు ఇస్తే లక్షా ఖర్చు కింద చూపవచ్చని అనుకోకుండా ఆడిటరును ముందే సంప్రదించాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ లేని చిన్న సేవాసంస్థలు పల్లెల్లో చాలా ఉన్నాయి. వాటిని కాగితాలు లేవని తిప్పి పంపడం కంటే, వారు అడిగిన ఖర్చునే సంఘం నేరుగా చెల్లించి రసీదు తన పేరున తీసుకోవచ్చేమో ఆడిటరును అడిగి చూడవచ్చు. ఇంటి యజమానికి అద్దె, కిరాణా కొట్టుకు బియ్యం బిల్లు, మందుల దుకాణానికి మందుల బిల్లు ఈ విధంగా కట్టవచ్చు. కాస్త శ్రమ పడితే ఇది కష్టమైన పని కాదు.

ఇంకొక ఆదాయాన్ని గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. పాత మిషన్ కాంపౌండ్లు ఇప్పుడు పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. రోడ్డువైపు దుకాణాల సముదాయాలు కట్టి అద్దెకిచ్చిన సంఘాలు అనేకం. న్యూయార్కులో 1697లో చార్టరు పొందిన ట్రినిటీ చర్చికి 1705లో ఇంగ్లండు రాణి ఆన్ మన్‌హాటన్‌లో 215 ఎకరాలు ఇచ్చింది. అందులో మిగిలిన భూమి మీద వచ్చే ఆదాయంతో ఆ చర్చి ఇవాళ నగరంలో ఇల్లు లేనివారికోసం, జైలు నుంచి విడుదలైనవారికోసం పనిచేసే లౌకిక సంస్థలకు కూడా ఏటా గ్రాంట్లు ఇస్తున్నది. వారి ఆస్తితో మన ఆస్తికి పోలిక లేదు. అయినా మన కాంపౌండ్ల పుట్టుకలోనూ ఒక సంగతి ఉంది. ఆ స్థలాల్లో అధికభాగం ఆస్పత్రి కోసమో, బడి కోసమో, అనాథ శరణాలయం కోసమో, అంటే ఊరి కోసం సంపాదించినవి. ఆ దుకాణాల అద్దెలో ఒక భాగం తిరిగి ఊరికి చేరడం ఆ స్థలాల మూల ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది. ఆస్తుల అమ్మకాల మీద కోర్టుల చుట్టూ తిరుగుతున్న సంఘాల వార్తలు మీ పత్రికలోనే ఎన్నో చదివాను. అద్దె సొమ్ము ఎటు పోతున్నదో నోటీసు బోర్డులో కనిపించే చోట అలాంటి తగాదాలు పుట్టడానికి అవకాశం తక్కువని బ్యాంకు అనుభవం ఉన్నవాడిగా చెప్పగలను.

ఎంత భాగం ఇవ్వాలన్న దానిమీద నా సూచన ఇది. మనం మన జీతంలో దశమభాగం గుడికి ఇవ్వమని బోధిస్తున్నాం గనుక, గుడి తన స్థానిక ఆదాయంలో దశమభాగం ఊరికి ఇవ్వడం న్యాయం. ఒక్కసారిగా అంత సాధ్యం కాని చిన్న సంఘం వందకు మూడు రూపాయలతో మొదలుపెట్టి ఏటా ఒక రూపాయి పెంచుకుంటూ పోవచ్చు. ఒక్కొక్క సంఘం విడిగా ఇవ్వలేకపోతే ఒక డీనరీలోని (పక్కపక్క పాస్టరేట్ల సముదాయంలోని) సంఘాలు కలిసి ఒక నిధి పెట్టుకోవచ్చు. కథోలికుల సేవాసంస్థ అయిన క్యారితాస్ ఇండియా కథోలిక సంఘాల్లో ఏటా ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో మన దేశంలోనే విరాళాలు సేకరించే పద్ధతి ఎంతోకాలంగా ఉంది. మిగిలిన సంఘాలు కూడా తాము శ్రమల కాలమని పిలిచే ఆ నలభై రోజుల్లో ఇళ్లకు డబ్బాలు ఇచ్చి ఆ సొమ్మును ఇందుకే ప్రత్యేకించవచ్చు.

సేవాసంస్థలు నడిపేవారికి కూడా ఒక మాట. చర్చి తలుపు తట్టడానికి మొహమాటపడకండి. మీ మతం వేరైనా, మీకు ఏ మతమూ లేకున్నా వెళ్లి అడగండి. వెళ్లేటప్పుడు గత ఏడాది జమాఖర్చులు, ఎంతమందికి ఏమి చేశారన్న వివరం, బ్యాంకు పాసుపుస్తకం వెంట తీసుకెళ్లండి. చేయని పనిని చేసినట్టు చెప్పకండి. ఒక్క సంస్థ మాట తప్పితే తర్వాత వచ్చే పదిమందికి తలుపు మూసుకుంటుంది.

సంఘ కాపరులకు, పాస్టరేట్ కమిటీలకు నా అభ్యర్థన. ఈసారి బడ్జెట్ సమావేశంలో ఈ పద్దును మొదటి పేజీలోనే రాయండి. మార్చి 31 లోగా తీర్మానం చేసి, ఏప్రిల్ మొదటి ఆదివారం గుడిలోను, పంచాయతీ కార్యాలయం లేదా మున్సిపల్ కార్యాలయం గోడమీద కూడా, తెలుగులో ఒక పేజీ ప్రకటన అతికించి దరఖాస్తులు పిలవండి. మే నెలలో ఇద్దరేసి చొప్పున వెళ్లి చూసి రండి. అలా చేస్తే జూన్ మొదటి వారానికి మొదటి విడత సొమ్ము ఖాతాల్లో పడుతుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి